మూడో కంప్యూటర్

శనివారం, అచియా అవ్వ చనిపోయి వారమైనందుకు పెట్టిన కూడికలో జరిగిన సంగతి సోమవారం పొద్దెక్కేసరికి ఆడుమ్ బజారంతా పాకిపోయింది. పందిరి కింద ఎర్రబట్టలూ నల్లబట్టలూ కట్టుకుని కూర్చున్న అంతమంది ముందు, అవ్వ జ్ఞాపకంగా పోకువా తయారుచేసిన వెబ్‌సైట్‌ను తెర మీద వేశారు. అవ్వ ఫొటో వచ్చింది. దాని మీద నుదుటి నుంచి గడ్డం దాకా ఏటవాలుగా బూడిదరంగు అక్షరాలూ వచ్చాయి: ట్రయల్ వెర్షన్. తరవాతి ఫొటో మీదా అవే. పెళ్ళి ఫొటో మీదా, కెజేతియా మార్కెట్లో బట్టల బేళ్ళ మధ్య కూర్చుని అవ్వ నవ్వుతున్న ఫొటో మీదా అవే. అవ్వ పెద్ద కూతురు దుఫీ కుర్చీలోంచి లేచి, మైకు అందుకుని, "మా అమ్మను కూడా ట్రయల్ చూసి తిరిగిచ్చేద్దామనుకున్నారా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే పోకువాకు కాస్త తేలికగా ఉండేది.

పోకువా దొంగ సరుకు వాడే మనిషి కాదు. ఆడుమ్‌లో కంప్యూటర్ పట్టిన ప్రతివాడూ తాళం విరగ్గొట్టిన సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, ఆమె ఒక్కతే పట్టుబట్టి ఆ టెంప్లేట్ల సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ కొనిపించింది. దానికొక నంబరుంది. ఆ నంబరు రెండు కంప్యూటర్లకే పనిచేస్తుంది: ఒకటి పోకువాది, రెండోది ఆమెతో కలిసి దుకాణం నడిపే న్యామెచేది. మూడోచోట ఎవరైనా ఆ నంబరు ఎక్కిస్తే, ముందుగా ఎక్కించుకున్న కంప్యూటర్ చప్పుడు లేకుండా పక్కకు పోయి ట్రయల్‌గా మారిపోతుంది. తెర మీద పనిచేసుకుంటున్నంతసేపూ తేడా తెలియదు. పేజీలు బయటికి తీసినప్పుడే వాటి మీద ఆ అక్షరాలు పడతాయి.

శుక్రవారం సాయంత్రం కరెంటు పోతుందేమోనన్న తొందరలో పోకువా పేజీలు బయటికి తీసి, చూడకుండానే ఇంటర్నెట్‌లోకి ఎక్కించేసింది. మూలన చిన్న గడి ఏదో వస్తే చదవకుండా సరే అని నొక్కేసింది. అది తన తప్పే. కానీ ఆ మూడో కంప్యూటర్ ఎవరిది?

ఆ ప్రశ్నతోనే ఆమె సోమవారం దుకాణం తెరిచి, మెట్ల మీద న్యామెచే అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంది.

అతను ఎప్పటిలాగే ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న ముద్ద కెంకే, వేయించిన చేపా పట్టుకుని వచ్చాడు. కింద చెప్పుల కొట్టువాడితో ఏదో వేళాకోళమాడుతూ మెట్లెక్కాడు. లోపలికి రాగానే ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"తిన్నావా?" అని అడిగాడు.

"ఆకలి లేదు. నీ లాప్‌టాప్ తెరువు."

"కూర్చోనివ్వు ముందు."

"కూర్చునే తెరువు."

అతను తెరిచాడు. సాఫ్ట్‌వేర్ లేచే ముందు తెర మధ్యలో ఎప్పుడూ వచ్చే పలక వచ్చింది: పోకువా పేరు, కింద ఆడుమ్, కుమాసి. అంటే అతని కంప్యూటర్లో లైసెన్స్ బతికే ఉంది. పోకువా తన కంప్యూటర్ అతనివైపు తిప్పింది. అక్కడ అదే పలకలో పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది.

"నీది ఉంది. నాది పోయింది," అంది.

"కనబడుతోంది."

"ఆ నంబరు తెలిసింది మనిద్దరికే."

న్యామెచే చేతిలో పొట్లాన్ని బల్ల మీద పెట్టాడు. "పోకువా, తిన్నగా అడుగు. చుట్టూ తిప్పకు."

"ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"మధ్యాహ్నాలు బంటామా పేటకు ఎందుకు వెళ్తున్నావు?"

అతను తల ఎత్తాడు. ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదని తెలుస్తూనే ఉంది. "నన్నెవరు చూశారు?"

"ఎవరు చూస్తేనేం. ఫోన్ వస్తే మెట్ల మీదికి పోయి మాట్లాడతావు. నేను వస్తే పెట్టేస్తావు. ఇదివరకు అట్లా ఉండేవాడివా?"

"అది నా సొంత సంగతి."

"బంటామాలో వెబ్‌సైట్లు చేసే కొట్లు ఎన్ని ఉన్నాయో నాకూ తెలుసు."

"అయితే నీకు అన్నీ తెలుసు. నన్ను అడగడమెందుకు?" అన్నాడు. గొంతు పెంచలేదు. అతను గొంతు పెంచకపోవడమే ఆమెకు మరీ అనుమానంగా తోచింది. తప్పు చేయనివాడైతే అరిచి ఉండేవాడు కాదా?

కింద వీధిలో ట్రోట్రో బండ్ల పిలగాళ్ళు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు.

"సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళకు రాశాను," అంది పోకువా. "మూడోది ఎవరిదో వాళ్ళు చెప్పరట. కావాలంటే అన్నిటినీ ఒక్కసారిగా మూసేసి, మనకు కొత్త నంబరు ఇస్తారట."

"మంచిదే కదా. మూసేయమను. ఈ రోజే కొత్తది తీసుకుందాం. దుఫీ ఇంటివాళ్ళకు సాయంత్రానికల్లా శుభ్రంగా చేసి ఇచ్చేద్దాం."

"మూసేస్తే ఎవరు దొంగో ఎప్పటికీ తెలియదు."

"తెలిసి ఏం చేస్తావు? అవ్వను మట్టిచేసే పెద్ద అంత్యక్రియలు వచ్చే నెల. అప్పటికి ఆ పేజీలు సరిగా ఉండాలా, దొంగ దొరకాలా?"

అతను చెప్పింది సబబే. ఇంకో రోజయితే ఆమె కూడా అదే అనేది. కానీ ఇవాళ ఆ మాట అతని నోట వినగానే ఆమెకు ఇంకో అర్థం తోచింది: ఆనవాలు చెరిపేద్దామంటున్నాడు.

"నీకెందుకంత తొందర?" అంది.

న్యామెచే ఆమెను చాలాసేపు చూశాడు. "నాది పోయి నీది మిగిలి ఉంటే, నేను నిన్ను దొంగవి అని ఉండేవాడినా? చెప్పు."

అతను లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి? పనెవరు చేస్తారు? ఇప్పుడు లైసెన్స్ ఉన్నది నీ దాంట్లోనే."

"లాప్‌టాప్ నాది. అనుమానం నీది. ఎవరిది వాళ్ళం తీసుకుపోదాం," అని అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కెంకే పొట్లం బల్ల మీదే ఉండిపోయింది.

అతను కంటికి కనబడకుండా పోయాక పోకువాకు కోపం పోయి భయం పట్టుకుంది. చేతిలో పనిచేసే కంప్యూటర్ లేదు. ఉన్న ట్రయల్‌లో పేజీలు బయటికి తీస్తే అవ్వ మొహం మీద మళ్ళీ ఆ అక్షరాలే. కంపెనీని మూయమని అడిగితే దొంగ జారిపోతాడు. అడగకపోతే పని ఆగిపోతుంది. అప్పటికే ఒక చర్చి గాయక బృందంవాళ్ళు, తమ వెబ్‌సైట్ సంగతి తరవాత చూసుకుందామని కబురంపారు. తరవాత అంటే ఏమిటో ఆమెకు తెలియనిది కాదు.

మధ్యాహ్నం ఆమె మేనమామ డొంకోర్ వచ్చాడు. బ్యాంకులో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. నల్ల గుడ్డ ఎడమ భుజం మీదుగా కట్టుకుని, చంకలో, తప్పు ఒప్పుకునేటప్పుడు ఇచ్చే జిన్ను మందు సీసా పెట్టుకుని వచ్చాడు.

"పద తల్లీ, అసాఫోలో దుఫీ ఇంటికి వెళ్దాం," అన్నాడు. "దుఫీ కాళ్ళ మీద పడాల్సింది పడకుండా ఇట్లా కూర్చుంటే మాట పెరుగుతుంది. పెద్దవాడిని పక్కన పెట్టుకుని వెళ్తే ఎంత కోపంలోనైనా నీళ్ళిచ్చి కూర్చోబెట్టక తప్పదు."

"అమ్మ ఏమంది?"

"మీ అమ్మ ఏమంటుంది? వెళ్ళమంది."

పోకువాకు అది కొంచెం వింతగానే అనిపించింది. అమ్మ అవ్వ వారం కూడికకు రాలేదు. తలనొప్పి అంది. కుమాసిలో ఒకరి చావుకు వెళ్ళకుండా ఉండాలంటే తలనొప్పి చాలదు. అందరూ అడిగారు, "మీ అమ్మ ఏదీ?" అని. పోకువా అందరికీ తలనొప్పే చెప్పింది. ఎవరూ నమ్మినట్టు లేరు.

టాక్సీలో మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ అబ్బాయి ఏమన్నాడు?" అని అడిగాడు.

"ఏ అబ్బాయి?"

"న్యామెచే. ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోలేదు. వెళ్ళిపోయాడు."

మామయ్య నాలుక చప్పరించాడు. బాధపడ్డాడో, ఊరట పడ్డాడో ఆమెకు అర్థం కాలేదు.

దుఫీ ఇంటి ముంగిట్లో పందిరి ఇంకా విప్పలేదు. ఇద్దరు ముసలివాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నీళ్ళిచ్చారు. తాగాక, ఏ పని మీద వచ్చారని అడిగారు. మామయ్య నిలబడి, మర్యాదగా భుజం మీది గుడ్డ జార్చి, చెప్పాల్సిన తీరులో చెప్పాడు. పిల్ల పొరపాటు చేసింది, కావాలని చేసింది కాదు, చనిపోయినామెను నలుగురిలో తక్కువ చేయాలని ఎవరి మనసులోనూ లేదు, ఈ సీసా పుచ్చుకుని కోపం దించుకోండి. దుఫీ మెట్ల మీద కూర్చుని అంతా విన్నది. యాభై దాటిన మనిషి. కోర్టులో టైపిస్టుగా పనిచేసి మానేసి, తల్లి బట్టల కొట్టు చూసుకుంటోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

"సీసా లోపల పెట్టండి," అంది చివరికి. తరవాత పోకువాతో, "నువ్వు ఇట్లా రా," అని హాల్లోకి తీసుకువెళ్ళింది. మామయ్య ముంగిట్లో ముసలివాళ్ళ దగ్గర ఉండిపోయాడు.

హాల్లో గోడకు అవ్వ ఫొటో ఉంది. దాని మీద ఏ అక్షరాలూ లేవు. పోకువా దానివంక చూడలేక తల దించుకుంది.

"అమ్మాయ్, నేను మైకులో అన్నది తప్పే అనుకో," అంది దుఫీ. "కానీ మా అమ్మ మొహం మీద రాతలేమిటి? అబిజాన్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. అమ్మను కొట్లో సరుకులా చీటీ అంటించి చూపించారక్కా అంది. ఎప్పుడు తీసేస్తావు?"

"తీసేస్తానమ్మా. కొంచెం వ్యవధి ఇవ్వండి. నా కంప్యూటర్లో లైసెన్స్ పోయింది. కొత్తది వచ్చేదాకా..."

"లైసెన్స్ అంటే?"

"ఆ సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికి కంపెనీవాళ్ళిచ్చే అనుమతి. అది లేకపోతే ఆ రాతలు పడతాయి."

"ఆకుపచ్చ బొమ్మ వస్తుందే, తెరవగానే? అదేనా?"

పోకువా తల ఎత్తింది. "మీకెలా తెలుసు?"

"అది నా దగ్గరా ఉందిగా," అంది దుఫీ, ఇంట్లో ఉల్లిపాయలున్నాయని చెప్పినంత మామూలుగా. "వ్యవధులెందుకు? ఇక్కడే కూర్చుని, నా కళ్ళ ముందే చేసెయ్."

కిటికీ పక్కన అల్లిక గుడ్డ కప్పిన కంప్యూటర్ ఉంది. దుఫీ గుడ్డ తీసి మడత పెట్టి, స్విచ్ వేసింది. అది మెల్లగా లేచింది. పోకువా కుర్చీలో కూర్చుంది. బొమ్మ మీద నొక్కింది. ఆకుపచ్చ వచ్చింది. తరవాత పలక వచ్చింది.

తన పేరు. ఆడుమ్, కుమాసి.

పేరులో ఒక అక్షరం తప్పుంది. కొన్నప్పుడు కార్డు యజమాని తొందరలో కొట్టిన తప్పు అది. సరిచేయించాలని ఎన్నిసార్లో అనుకుని వదిలేసింది. లోకంలో ఇంకెవరి లైసెన్స్‌లోనూ ఉండదు ఆ తప్పు.

"ఇది మీకెవరిచ్చారు?" అని అడిగింది.

"ఎందుకట్లా అడుగుతావు? ఎవరిచ్చారో నీకు తెలీదా?"

"తెలీదు."

"కొట్టుకు ఒక వెబ్‌సైట్ ఉంటే బాగుండునని మీ మామయ్య దగ్గర ఒకసారి అన్నాను. మా అమ్మాయి దగ్గర ఉంది, దాన్నే మీరూ వాడుకోవచ్చు, ఆమె ఏమీ అనుకోదు అన్నాడు. నంబరు కాగితం మీద రాసి తెచ్చిచ్చాడు. నేనే టైపు చేశాను."

"ఎప్పుడు?"

"శుక్రవారం. కాగితం ముందే ఇచ్చాడు, పొద్దున్నే ఎక్కించుకుంటానన్నాను. కాదు, మధ్యాహ్నం దాటాకే ఎక్కించు అన్నాడు. ఇంటర్నెట్ అప్పుడు బాగుంటుందట."

పోకువా కుర్చీ వెనక్కి జరిపింది. కొన్న రోజు కళ్ళ ముందుకు వచ్చింది. తన దగ్గర కార్డు లేదు, న్యామెచే దగ్గరా లేదు. కార్డు మామయ్యది. నంబరు ముందు వచ్చింది ఆయన మెయిల్‌కే. ఆ నంబరు తెలిసింది ఇద్దరికే అని పొద్దున న్యామెచే మొహం మీద అంత గట్టిగా ఎలా అనగలిగింది?

"అమ్మా, మీరు ఆ నంబరు ఎక్కించినందుకే నాది పోయింది," అంది మెల్లగా. "అందుకే అవ్వ మొహం మీద ఆ రాతలు."

దుఫీకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక గోడకు ఆనుకుంది. "నేనా?" అంది. "మా అమ్మ మీద నా చేత్తోనే రాయించాడా?"

ఆమె గుమ్మం దాకా వెళ్ళి, "డొంకోర్ అన్నా, ఒకసారి లోపలికి రా," అని పిలిచింది.

ఆయన గుడ్డ సర్దుకుంటూ వచ్చాడు. తెర మీద వెలుగుతున్న పలకను చూశాడు. పోకువాను చూశాడు. అబద్ధం వెతుక్కుంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన వెతుక్కోలేదు. దగ్గరున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మామయ్యా, పొద్దున నేను న్యామెచేను దొంగ అన్నాను," అంది పోకువా. "టాక్సీలో మీరు నన్నడిగారు, ఒప్పుకున్నాడా అని. ఏ మొహంతో అడిగారు?"

"తప్పే."

"ఎందుకిచ్చారు?"

"నన్నడగకు తల్లీ."

"మిమ్మల్ని కాకపోతే ఎవరినడగను? కార్డు మీది. నంబరు మీది. తెచ్చిచ్చింది మీరు."

"కొన్నది నేను. ఇమ్మన్నది నేను కాదు," అన్నాడాయన. నేలవంక చూస్తూ మాట్లాడుతున్నాడు. "శుక్రవారం అని చెప్పింది నేను కాదు. మధ్యాహ్నం దాటాక అని చెప్పిందీ నేను కాదు. ఏమవుతుందో నాకు తెలీదు. తెర మీద చూసినప్పుడే తెలిసింది. మా అక్క మాట నేనెప్పుడైనా కాదన్నానా?"

అక్క. అంటే అమ్మ.

పోకువాకు వెంటనే ఒక రాత్రి గుర్తొచ్చింది. ఫుఫూ ముద్ద తింటూ తను దుకాణం కబుర్లు చెబుతోంది. అమ్మ ఎప్పుడూ వినదు. ఆ రోజు మాత్రం చెయ్యి కడుక్కోబోతూ ఆగి, "మూడోది ఎక్కిస్తే ఏ కంప్యూటర్ పోతుందే?" అని అడిగింది. "ముందుదే అమ్మా. నాదే," అని తను నవ్వుతూ చెప్పింది. అమ్మ తన పని గురించి అడగడం అదే మొదటిసారి. అందుకు ఆ రాత్రి ఎంతో సంతోషించింది కూడా.

"మీ అమ్మకు మా అమ్మ మీద అంత కోపమేమిటి?" అని దుఫీ అడిగింది. "చచ్చిపోయినామె మీద."

పోకువా ఫోన్ తీసి అమ్మకు చేసింది. పాత ఫోన్. దాని గొంతు పెద్దది, గదిలో అందరికీ వినబడుతుంది. అయినా బయటికి వెళ్ళాలని ఆమెకు తోచలేదు.

రెండోసారి మోగగానే అమ్మ ఎత్తింది. ఎక్కడున్నావని అడగలేదు.

"దుఫీ ఇంట్లో కంప్యూటర్ తెరిచావా?" అంది.

"తెరిచాను. నువ్వే చేశావు కదమ్మా ఇదంతా?"

"నేనే చేశాను. నలుగురిలో నీ తల దించాను. తరవాత ఎన్నైనా అను, పడతాను. ఇంకో దారిలో అయితే నువ్వు ఆ ఇంటి గడప తొక్కేదానివి కాదు. తొక్కినా ఆ కంప్యూటర్ ముందు నిన్నెవరూ కూర్చోనిచ్చేవారు కాదు." అమ్మ గొంతు మామూలుగానే ఉంది, ఉప్పు తెమ్మని చెప్పేటప్పుడు ఉన్నట్టే. "ఇప్పుడు కూర్చున్నావు కదా. ఆ సాఫ్ట్‌వేర్ వదిలెయ్. అచియా ఫొటోలు ఎక్కడున్నాయో చూడు. నీకిచ్చినవి కాదు, ఇవ్వకుండా దాచుకున్నవి. వాటిల్లో నువ్వున్నావు, అచియా ఒళ్ళో పసిబిడ్డగా."

పోకువా చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. తెర మీద, ఆకుపచ్చ బొమ్మకు కాస్త కిందుగా, 'అమ్మ పాత ఫొటోలు' అని రాసిన ఒక గడి ఉంది. ఇంతవరకూ దాన్ని చూడలేదు.

ఆమె నొక్కేలోగా దుఫీ వంగింది. కాసేపటి క్రితం తన చేత్తోనే వేసిన స్విచ్‌ను గోడ దగ్గర ఆపేసింది. తెర నల్లబడింది. దుఫీ లేచి నిలబడి, వెళ్ళి హాలు తలుపు దగ్గరగా వేసింది.

"డొంకోర్ అన్నా," అంది, "ఈ పిల్లకు ఏ మేరకు తెలుసు?"